మిరప సాలులో పాత ఇంగ్లీషు

నేను అయిదో తరగతితో బడి మానేసినా. మానేసినా అని నేనంటా గాని, మా అయ్యవారు మాత్రం "వాడు మానేది ఏంది, బడికే వాడి పీడ వదిలింది" అనేటోడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్ వరకు నాకు బాగా పరిచయం. ఎల్ కాడికి వచ్చేసరికి వాన పడింది, మా నాయన నన్ను గుంటక తోలనీకి పిలుచుకపోయినాడు. ఎమ్ నుంచి అవతల ఉండే అక్షరాలు ఇప్పటికీ బోర్డుల మీద కనపడతాంటాయి. అవి నన్ను పలకరించవు, నేనూ వాటిని పలకరించను. తెలుగంటారా, బజ్జీలు చుట్టిచ్చిన పేపర్లు చదివి నేర్చుకున్నా. నూనె మరక పడినకాడ కథ తెగిపోయేది, తరువాతిది నేనే కల్పించుకునేటోణ్ణి. రాసే జబ్బు అట్ల అంటుకుంది.

ఇట్లాంటోడు వందల యేండ్ల కిందటి ఇంగ్లీషు నాటకాల మాటల గురించి రాయబోతాండాడు. నగేటోళ్ళు ఇప్పుడే నగండి. ముందుకు పోయేకొద్దీ నగు రాదు.

పోయిన వారం కోసిగి సంతలో మా ఈరమ్మత్త చింతపండు గంప పెట్టుకోని కూచోనుంది. ఒగ కుక్క వచ్చి గంపలో మూతి పెట్టబోయింది. ఈరమ్మత్త కట్టె ఎత్తి, గొంతు పెంచి, "హెన్స్!" అనింది. కుక్క తోక ముడుచుకోని పోయింది. చింతపండు బేరమాడతాండే మనిషి నోరు తెరిచినాడు.

"ఏమంటివవ్వా దాన్ని?"

"ఈన్నుంచి పో అంటి. రాజులు అట్లనే తరుముతారంట."

అని నా పక్క చూసింది. నేను ఆమె పక్క చూసినా. కట్టె కింద పెట్టి, ఆమే "ఆయప్ప ఉంటే నగేటోడు" అనింది. నాకు ఆ పొద్దంతా పనిమీద చెయ్యి పోలేదు.

ఆయప్ప పేరు రాయను. ఊర్లో పేరుతో పిలిచినోళ్ళు కూడా తక్కువ. ఎమ్మే ఇంగ్లీషు దూరవిద్యలో చదివి, అన్ని పేపర్లూ పాసయ్యి, ఒగటి మాత్రం ఉంచుకున్న మనిషి. అందుకని నేను ముక్కాలెమ్మే అని పేరు పెట్టినా. ఊరు ఊరంతా పట్టుకుంది. ఎదురుగా మాత్రం సారూ అనేటోళ్ళు. నేను అన్నా అనేటోణ్ణి, ఎందుకంటే ఆయన పెండ్లాం మా మేనత్త ఊరిది, నాకు వదిన వరస.

మనిషి సన్నగా, పొడుగ్గా, గాలికి ఒరిగిన జొన్నదంటు మాదిరి ఉండేటోడు. మండలంలో ఒగ ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేటోడు. కరోనాలో ఆ బడి మూసినారు, మళ్ళా తెరవలేదు. ఆయన కొన్నాళ్ళు ఇంటికాడ కూచోని చూసి, కూచుంటే కుండలో ఏమీ ఉడకదని తెలిసినాక, మా యెంట సుగ్గికి వచ్చినాడు. మా పక్క వానలు మొగం చాటేస్తే ఇండ్లకు తాళాలేసి, పిల్లాజెల్లా బండెక్కి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోయనీకి పోతాము. దాన్ని సుగ్గి అంటాము. కన్నడంలో సుగ్గి అంటే పంటల సంబరమంట. సంబరమే, కాకపోతే పంట ఎవరిదో, సంబరం ఎవరిదో. మాది కోత.

మొదటిరోజు ఆయన చేనులోకి నిండుచేతుల చొక్కాతో, జేబులో పెన్నుతో వచ్చినాడు. మేస్త్రి చూసి, "సారూ, హాజరు తీసుకుంటావా?" అన్నాడు. సాలు సాలంతా నగింది. ఆయన కూడా నగినాడు. కాయ తెంపడం మాత్రం చేతకాలేదు. తొడిమెను రెండు వేళ్ళతో పట్టుకోని, తప్పు దిద్దినట్లు, ఒక్కొక్కటే గిల్లేటోడు. మిరప చేతులతో కండ్లు ముట్టుకోకూడదని చెప్పినాము గాబట్టి, కన్ను మండితే భుజం ఎత్తి భుజానికే తుడుచుకునేటోడు. దూరం నుంచి చూసేటోళ్ళకు పొద్దుగూకులూ "నాకేం తెలుసప్పా" అని భుజాలెగరేస్తాండే మనిషి మాదిరి కనపడేటోడు.

మిగిలిపోయిన ఆ పేపరు పాత నాటకాలది. ఇప్పుడెవరూ వాడని మాటలు అందులో కుప్పలుగా ఉంటాయంట. వాటికి అర్థాలు రాయల్ల, యే సందర్భంలో వచ్చినాయో రాయల్ల. ఆయన ఎన్నిసార్లు రాసినా అదే పేపరు తన్నేసేది.

"అన్నా, ఆ మాటలు ఇంగ్లీషోళ్ళు ఇప్పుడు వాడతాండారా?" అని అడిగినా.

"లేదప్పా. ఎప్పుడో ఇడిసిపెట్టినారు."

"వాళ్ళు ఇడిసింది నువ్వెందుకు నెత్తికెత్తుకుంటాండావు?"

ఆయన ఏదైనా చెప్పేముందు ఒగ వేలు పైకెత్తి "ఏమంటే..." అనేటోడు. ఎత్తినాడు. మేమంతా కాయలు తెంపేది ఆపి, ఏదో గొప్ప మాట వస్తాదని చూసినాము.

"ఏమంటే... సిలబస్సప్పా" అన్నాడు.

నగులాట అట్లుంచండి. ఆ పేపరు మీద ఒగ ప్రాణం వేలాడతాండాది. వదినకు ఆయాసం. మిరప ఘాటు తగిలితే గుడిసెలో పడుకోలేక, గోడకు ఆనుకోని కూచోని దగ్గేది. ఆదోని డాక్టరు ఈ పని ఇంగ చేయొద్దమ్మా అని తెగేసి చెప్పినాడు. చేయకపోతే బువ్వ యాడిది? ఆదోనిలోనే ఒగ కాలేజీవాళ్ళు, ఎమ్మే పూర్తిచేసి రా, లెక్చరరుగా పెట్టుకుంటామని మాటిచ్చినారు. యూనివర్సిటీవాళ్ళేమో ఈ పాత పేపరుకు ఇదే ఆఖరి పరీక్ష, ఇంగ పెట్టము అన్నారు. "ఈ ఒగటి గట్టెక్కితే మీ వదిన మళ్ళా మిరపచేను మొగం చూడదు" అనేటోడు. నాకు చెప్పినట్లే చెప్పేటోడు గాని, ఆమెకు వినపడేటట్లు చెప్పేటోడు. ఆమె పక్క సాలులోనే ఉండేది, మూతికి గుడ్డ కట్టుకోని.

మాటలు మాత్రం నిలిచేవి కావు. పొద్దున బట్టీ పట్టింది పొద్దెక్కేసరికి చెమటతోపాటు కారిపోయేది. అట్లుండగా ఒగ దినం ఈరమ్మత్త నడుము పట్టుకోని లేచి, సూర్యుణ్ణి చూసి, నీ అమ్మ కడుపు కాల, నీ కొలిమి ఆరిపోను అని మొదలుపెట్టింది. ఆయన సాలులో నిలువునా లేచినాడు.

"బెల్డేమ్!" అని అరిచినాడు.

"ఏందిరా వాడు నన్నేదో అంటాండాడు?" అని ఈరమ్మత్త కొడవలి మాదిరి ఇటు తిరిగింది.

"తిట్టు కాదత్తా. పాత నాటకాల్లో మాట. ముసలామె అని. మంత్రగత్తె అని కూడా."

"మంత్రాలొస్తే ఈడ కాయలెందుకు కోస్తా? ముందు నీ నోరు కట్టేసేదాన్ని."

ఆ మాట మాత్రం ఆయనకు మళ్ళా పోలేదు. దాంతో ఉపాయం దొరికింది. సాలుకు ఒగ మనిషి, మనిషికి ఒగ మాట. మేస్త్రికి నేవ్ అని పెట్టినాడు. టక్కరి అని అర్థం. పొద్దున పనికి, నడిమధ్యాన్నం బువ్వకు చేనంతా దద్దరిల్లేటట్లు కేకేసే హుసేనప్పకు హెరాల్డ్. అంటే రాజు ముందర నడుస్తా దండోరా వేసేటోడు. చేను ఆసామికి చర్ల్, అంటే మొరటోడు, పిసినారి. అది మాత్రం ఆసామి లేనప్పుడే. కొన్నాళ్ళకు ఆ మాటలే మా పేర్లయిపోయినాయి. "ఏమప్పా హెరాల్డూ, బీడీ ఉండాదా?" అని అడిగితే హుసేనప్ప పలికేటోడు. మాకది ఆట. ఆయనకది చదువు. సాంత్రం కల్లం కాడ కండ్లు మూసుకోని, మొదటి సాలు నుంచి ఆఖరి సాలు దాకా మమ్మల్ని ఒగసారి చదువుకునేటోడు.

"వదినకేం పెట్టినావన్నా?" అని అడిగినా ఒగసారి.

"ఆమెకు పెట్టల్యా."

"ఏం, మాటలు అయిపోయినాయా?"

"మర్చిపోతానని భయముండే మాటలకు గదప్పా మనుషులు కావల్ల" అన్నాడు.

పక్కసాలులో వదిన గుడ్డలోపలే దగ్గిందో నగిందో తెలియలేదు.

నాకు పెట్టిన మాట విని మాత్రం నాకు మండింది. ఫూల్ అన్నాడు. ఎల్ దాకా చదివినోడికి కూడా తెలిసే మాట అది. ఎఫ్ ఎల్‌కు ముందే వస్తాది.

"హుసేనప్పకు రాజుకాడ దండోరా, నాకు మాత్రం ఎర్రోడా?"

వేలెత్తినాడు. "ఏమంటే... ఆ నాటకాల్లో ఫూల్ అంటే ఎర్రోడు కాదప్పా. రాజుకాడ ఉండే జీతగాడు. నగిచ్చల్ల. నగిస్తానే రాజుకు నిజం చెప్పల్ల. ఎవరూ చెప్పలేని నిజం వాడే చెప్తాడు."

"చెప్తే?"

"కొడతారు."

"చెప్పకపోతే?"

"నగు రాల్యాదని కొడతారు."

"అయితే సరే. ఈ పని నాకు అలవాటే" అన్నా.

ఇంకొగటి చెప్పల్ల. ఆసామి కొడుకు ఇంజనీరింగు చదివేటోడు, సెలవుకు వచ్చి చేనుకాడికి వచ్చినాడు. ఈయన ఇంగ్లీషు సారని ఎవరో చెప్తే, గబగబా ఇంగ్లీషులో ఏదేదో అడిగినాడు. ఈయన భుజానికి కన్ను తుడుచుకోని, తలకాయూపి, కాయలు కోసుకుంటా పోయినాడు. తరువాత అడిగితే, "ఆ పిల్లోనిది ఇప్పటి ఇంగ్లీషప్పా. నాది రాజుల కాలందాయె. మాకిద్దరికీ మాటల్లేవు" అన్నాడు. చెప్పి నగినాడు గాని, ఆ పొద్దు బువ్వ సగం ఇడిసిపెట్టినాడు.

పరీక్ష కర్నూలులో. సుగ్గి నడిమధ్యన. మా గుంపుల్లో ఒగ కట్టు ఉండాది. పని మధ్యలో ఎవరైనా ఊరికి పోవల్లంటే, మనిషిని తిరిగి తెచ్చేదానికి ఇంగొగ మనిషిని జామీను పంపిస్తారు. మేస్త్రి నన్ను జామీను పంపినాడు. పెండ్లాన్ని ఈడ పెట్టి ఆయన యాడికి పారిపోతాడు అంటే, "చదువుకున్నోళ్ళను నమ్మకూడదు" అన్నాడు. వదిన రొట్టెలు, నంజుకోనీకి శెనిగ్గింజల ఊరుమిండి మూటగట్టి ఇచ్చింది. "వచ్చినంత రాయి. తలకాయ పగలగొట్టుకోవద్దు" అని ఆయనకు, "నువ్వు నోరు మూసుకోని ఆయన్ను చదువుకోనీ" అని నాకు.

నోరు మూసుకుంటే నేనెట్లా అయితా? రైలులో నేను మనుషుల పేర్లు చెప్తాంటే, ఆయన మాటలు చెప్పినాడు.

"ఈరమ్మత్త?"

"బెల్డేమ్."

"మేస్త్రి?"

"నేవ్."

"హుసేనప్ప?"

"హెరాల్డ్."

ఒగటీ తప్పలేదు. ఎదురు సీటులో కూచున్నాయప్ప "ఇంతమంది చుట్టాలుండారా మీకు?" అని అడిగినాడు.

పరీక్ష హాలు బయట వేపచెట్టు కింద నేను కూచున్నా. ఆయన బయటికి వచ్చినప్పుడు మొగం వెలిగిపోతాండాది. అంత వెలుగు ఆ మొగంలో నేను చూసిందిల్యా. టీ బంకు కాడికి పిలుచుకపోయినా.

"అన్నీ వచ్చినాయప్పా. ఒగ మాట కూడా పోల్యా" అన్నాడు.

"సందర్భాలు?"

"రాసినా." వేలెత్తినాడు. "ఏమంటే... నాటకం గుర్తుకు రాల్యా. సాలు గుర్తుకొచ్చింది. మా చేనులో ఈరమ్మ అనే ముసలామె దినమూ సూర్యునికి శాపనార్థాలు పెడతాదని, ఆమెను చూసి ఈ మాట చెప్పొచ్చని రాసినా. హుసేనప్ప బువ్వకు పిలిచేది రాసినా. మేస్త్రిది రాసినా. నిన్ను కూడా రాసినా. ఇంగ్లీషులో ఎంత బాగొచ్చిందో తెలుసా!"

నాకు ఒళ్ళు పులకరించింది. మేము, కోసిగి పక్క కూలోళ్ళము, ఎమ్మే పరీక్షలో ఎక్కినాము! ఆడనే ఈరమ్మత్తకు ఫోను చేయించినా.

"అత్తా, నువ్వు పరీక్షలో వచ్చినావు!"

"నేనేం తప్పు చేసినాప్పా?" అని ఆమె బెదిరిపోయింది.

నేను పగలబడి నగతాంటే, ఆయన టీ గ్లాసు పట్టుకోని ఊరికే నిలబడినాడు. టీ మీద మీగడ కట్టింది.

"సందర్భమంటే నాటకంలోదే రాయల్లేమో గదప్పా?" అన్నాడు మెల్లగా.

"నన్నడుగుతాండావా? ఎల్ దాకా చదివినోణ్ణి. సందర్భానికి కావల్సిన ఎస్ నాకు యాడ కనపడాల?"

ఆయన నగలేదు. ఎవరికో చెప్పినట్లు, "అర్థాలైతే సరిగ్గానే రాసినా" అన్నాడు. టీ తాగకుండానే గ్లాసు పెట్టినాడు.

తిరిగి వచ్చినాక ఆయన పని తీరే మారిపోయింది. గిల్లేది పోయి, గుప్పిళ్ళతో తెంపుతాండాడు. తన సాలు అయినాక వదిన సాలులో సగం కూడా ఆయనే కోసేటోడు. "నువ్వు నీడకు పో" అనేటోడు ఆమెను. మిరపచేనులో నీడ యాడిది? ఆమె గట్టు మీద తలకు కొంగేసుకోని కూచుండేది. సుగ్గి ఆఖరయ్యేసరికి ఎండలు ముదిరినాయి. మన్ను కాళ్ళను కాల్చేది, కాయలు చేతులను కాల్చేవి. ఒగ మధ్యాన్నం ఈరమ్మత్త సాలుకూ హుసేనప్ప సాలుకూ నడుమ ఆయన వంగినాడు. వంగినోడు వంగినట్లే ఉన్నాడు. కింది కాయలు కోస్తాండాడని అనుకున్నాము. ఈరమ్మత్త "ఏం సారూ, నిద్రపోతాండావా?" అని కట్టెతో పొడిచింది. పక్కకు ఒరిగిపోయినాడు.

హుసేనప్ప ఆయన్ను భుజాన వేసుకోని రోడ్డు దాకా పరిగెత్తినాడు. ఆటోలో నీళ్ళు చల్లుతాపోయినాము. ఆస్పత్రిలో డాక్టరు కనురెప్ప ఎత్తి చూసి, ఎండదెబ్బ, దారిలోనే పోయినాడు అన్నాడు. ఎండిపోయిన మిరపగింజ ఒగటి ఆయన గడ్డానికి అంటుకోనుంది. వదిన దాన్ని తీసింది. ఏడవబోయింది. ఏడుపు వచ్చేలోపల దగ్గు వచ్చింది. మళ్ళా ఏడవబోయింది, మళ్ళా దగ్గే వచ్చింది. మొగుడు పోతే కరువుదీరా ఏడవనీకి కూడా ఆ మిరప ఆమెకు ఊపిరి మిగల్చలేదు.

అంతకు ముందు మిరప మూటలు తోలిన బండిలోనే ఆయన్ను ఊరికి తెచ్చుకున్నాము. ఎంత ఊడ్చినా ఘాటు పోలేదు. ఆయన చుట్టూ కూచున్న వాళ్ళంతా దోవ పొడుగునా తుమ్ముతానే ఉన్నారు, కండ్లు కారతానే ఉన్నాయి. ఎవరు ఏడుస్తాండారో, ఎవరికి ఘాటు ఎక్కిందో ఎవరు చెప్పగలరు? నేను అందరినీ నగిచ్చేటోణ్ణి. ఆ బండిలో నోరు తెరిస్తే తుమ్మే వచ్చింది. ఒగందుకు మేలే అయింది.

మట్టి చేసినాము. జనం ఎవరి దోవన వాళ్ళు పోయినారు. నాలుగు చినుకులు పడితే కొర్రలు, కందులు వేసినాము. అవి మోకాలెత్తు కూడా లేవకుండానే ఎండినాయి. అప్పుడొచ్చినాయి పరీక్ష ఫలితాలు. వదిన హాల్ టికెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కోసిగిలో ఫోన్లంగడాయన చూస్తాడంట గదా. చూసిరా."

"ఇప్పుడెందుకు వదినా?"

"పాసయ్యి పోయినాడా, ఊరికే పోయినాడా, నాకు తెలియల్ల."

అంగడాయన ఫోనులో చూసి, తల అడ్డంగా ఊపినాడు. పాసుకు కావలసిన దాంట్లో సగం కూడా రాలేదు. నేను మళ్ళా చూడు అన్నా. చూసినాడు. నంబరు ఒగటొగటే చదివించి సరిచూసినా. అదే వచ్చింది. అర్థాలన్నీ సరిగ్గా రాసిన మనిషి. మమ్మల్నందరినీ రాసిన మనిషి. మేమెవరమో ఆ దిద్దినాయనకు యెట్ల తెలుస్తాది? తెలిసినా, నాటకంలో లేనోళ్ళకు మార్కులెట్ల వేస్తాడు?

ఊరికి తిరిగొస్తా దోవ పొడుగునా, ఆ సంగతి ఎట్ల చెప్పల్లో వెతుక్కుంటానే ఉన్నా. నేను వెతికితే దొరికేది ఎప్పుడూ ఒగటే, నగులాట.

వదిన వాకిట్లో కూచోని పాత చీర చించతాండాది. మళ్ళా వచ్చే సుగ్గికి మూతికి కట్టుకునే గుడ్డలు. పక్కన తట్ట, చెంబు, సద్దిగిన్నె కడిగి బోర్లించినాయి. నన్ను చూసి చేతులాపింది.

"చూసినావా?"

"చూసినా వదినా." గడపకాడ కూచున్నా. "పేపరు దిద్దినాయన ఎవరో గాని సుగ్గి ఎరగడు. ఈరమ్మత్తను ఒగ దినం ఆ దిద్దినాయన ముందర కూచోబెట్టింటే, ఆ తిట్లకు భయపడి వందకు వంద వేసేటోడు. అయినా కిందోళ్ళు ఏం మార్కులేస్తే ఏముందిలే, మా యన్నకు పైన యమునికాడ పని ఖాయం. యముడు కూడా పాతకాలం మనిషే గదా, ఆ మాటలన్నీ ఆడ పనికొస్తాయి."

ఆమె నగలేదు. తిట్టలేదు. చీర పేలికను ఇంకొగసారి నిలువునా చించి, మోకాలి మీద పరిచి, మడతపెట్టింది. తరువాత తలెత్తి అనింది:

"ఆయనకాడ అన్ని మాటలు నేర్చుకుంటివి గదప్పా. ఫెయిలాయె వదినా అని చెప్పనీకి మాత్రం మాట దొరకల్యాదా నీకు?"